సముద్రం వైపు వాకిలి

ఒమాన్‌లో, సలాలాలో మేమున్న ఇల్లు మాది కాదు. ఆ దేశంలో బయటివాళ్ళ పేరున ఇల్లూ జాగా ఉండవు. అయినా నేను కాపురం చేసిన ఇళ్ళన్నిట్లోకీ నా ఇల్లు అనిపించింది అదొక్కటే. నా పుట్టింటివాళ్ళు పెట్టిన గాజులు అమ్మితేనే దానికి కొత్త కప్పు పడింది మరి. ఆ ఇంటిని నిలబెట్టుకోవాలని మేం ఏం చేశామో, చేసి ఎట్లా పోగొట్టుకున్నామో చెప్తాను. అందులో కొంత నాకు ఇప్పటికీ అర్థం కాలేదు. విచిత్రమేమిటంటే, అర్థమైనదానికంటే అర్థం కానిదే నాకు బాగా గుర్తుంది.

ఎనభైల చివర్లో జగిత్యాల దగ్గరి మా ఊరి నుంచి బయల్దేరి ఒమాన్ వచ్చాను. అప్పటికి మా ఆయన సలాలా పక్కనే రైసూత్‌లో ఒక ఫ్యాక్టరీలో ఫిట్టర్‌గా చేరి, ఫోర్‌మన్ అయి, నాకు వీసా తీయించగలిగాడు. కంపెనీ ఇచ్చిన క్వార్టర్ ఒకే ఒక గది. వంటిల్లు నాలుగు కుటుంబాలకీ కలిపి ఒకటే. నేను పోపు పెడుతుంటే వెనక ఒకావిడ గిన్నె పట్టుకుని నిలబడేది. ఫ్యాక్టరీ దుమ్ము ఉతికిన బట్టల మీద పడేది, కలిపిన పిండి మీదా పడేది. ఇట్లా బతకడానికేనా నన్ను ఇంతదూరం తెచ్చింది అని రోజూ మా ఆయనతో పోట్లాడేదాన్ని. నా నోటికి తట్టుకోలేకే ఆయన ఆ ఇల్లు వెతికాడని కడప భాయ్ అనేవాడు.

కడప భాయ్ అంటే కంపెనీలో లారీ నడిపే ఆయన. మా ఆయనకంటే చాలా ముందు వచ్చినవాడు. అరబ్బీ గడగడా మాట్లాడేవాడు. ఊళ్ళో ఎవరి ఇల్లు ఖాళీ ఉంది, ఎవరికి డ్రైవర్ కావాలి అన్నీ ఆయనకే తెలిసేవి. ఒక శుక్రవారం నమాజు అయ్యాక మా క్వార్టర్‌కి వచ్చి, సముద్రం ఒడ్డున స్థానికుల పాత పేటలో ఒక ఇల్లుందని చెప్పాడు.

"పడిపోయేట్టుంది అక్కా, నేను అబద్ధం చెప్పను. కానీ గోడలు గట్టివి. బాగు చేసుకుంటే పదేండ్లు కదిలీయనంటాంది ఆయమ్మ. కిరాయి కూడా పేరుకే."

మా ఆయన కళ్ళు మెరిశాయి. ఆయనకి ఎప్పటినుంచో ఒక లెక్క ఉంది. ఊరికి డబ్బు పంపితే అది పెళ్ళిళ్ళకీ చావులకీ ఎటు పోతుందో తెలియదు, ఇక్కడే ఎక్కడైనా పెట్టాలి అని. అన్నం తింటూ నాకు విడమరిచి చెప్పాడు.

"ఊళ్ళె పొలం కొంటె మొగులు దిక్కు చూసుడే. ఈడ నాలుగు రూములు మంచిగ చేసి, రెండిట్ల మనముండి, రెండు కిరాయికిస్తె నెలనెల పంటనే. ఎండలేదు, వానలేదు."

అట్లా నా గాజులు, ఆయన దాచుకున్నదంతా ఆ ఇంట్లోకి పోయాయి. కప్పు వేశాం, కరెంటు తీగలు మార్చాం, స్నానాల గది కట్టాం. ఒక కట్టుబడి సైట్లో మా ఆయనకి పరిచయమైన నిజామాబాద్ మేస్త్రీలు ఇద్దరు శుక్రవారాలు వచ్చి పనిచేసి, పని పూర్తయ్యాక ఆ కిరాయి గదుల్లో ఒకదాంట్లోనే దిగిపోయారు. కాగితం ఏదీ రాసుకోలేదు. ఇంటావిడ వాకిట్లో చాపమీద కూర్చుని, ఖర్జూరం తిని, కాఫీ తాగి, మాట అనుకున్నాం. అక్కడ అందరూ అట్లాగే అనుకునేవాళ్ళు.

ఇంటావిడ ముసలావిడ. మా పక్కింట్లోనే కోడలితో కలిసి ఉండేది. ముందు పొట్టిగా, వెనక నేలమీద జీరాడే నల్ల మఖ్మల్ గౌను వేసుకునేది. ఇసుకలో నడిచిపోతుంటే ఆ జీరాడే కొసే ఆమె అడుగులన్నీ చెరిపేసుకుంటూ పోయేది. అందరూ ఉమ్మా అని పిలిచేవాళ్ళు, అమ్మా అన్నట్టు. నేనూ అట్లాగే పిలిచాను. మాట అనుకున్న రోజున ఆవిడ మా ఆయన వైపు చూడకుండా భాయ్‌తో నెమ్మదిగా ఏదో చెప్పింది. భాయ్ అది మాకు చెప్పాడు.

"సముద్రం పక్క వాకిలుంది చూడండి, దానికి పగటిపూట గడియ పెట్టగూడదంట. దాని పక్కన కాళ్ళు కడుక్కునే కుండలో నీళ్ళు ఎప్పుడూ ఉండాలంట. అంతే, ఇంకేమీ అడగల్యా."

ఇదేం పెద్ద కోరిక అని ఒప్పుకున్నాం. ఒడ్డున ఇసుక మా గడప దాకా వచ్చేది, కాళ్ళు కడుక్కోకుండా లోపలికి వస్తే ఇల్లంతా ఇసుకే. అందుకని ఆ కుండ పెట్టారనుకున్నాను. ఆ వాకిట్లో నుంచి వచ్చే గాలికి నాకు ప్రాణం లేచొచ్చేది. సందు వైపు ఇంకో వాకిలి ఉండేది, మా రాకపోకలన్నీ అటే. సముద్రం వైపు వాకిలి నాకు కూర్చోవడానికి, కొబ్బరి తురుముకోవడానికి, పడవలు చూడటానికి.

అక్కడే కోడలితో స్నేహం కలిసింది. నా వయసుదే. హిందీ సినిమాల క్యాసెట్లు చూసీ చూసీ నాకంటే మంచి హిందీ మాట్లాడేది. నేను చేసే పచ్చిపులుసు గ్లాసులో పోసుకుని తాగేది, కళ్ళలో నీళ్ళు తిరుగుతుంటే నవ్వేది. ఆమె నాకు వాళ్ళ రొట్టె చేయడం నేర్పింది. నీ భర్త ఎక్కడ అని మొదట్లోనే అడిగాను. సముద్రం మీద పోయాడు అంది. నేను ఓడలో పనికి అనుకున్నాను. మా జిల్లాలో సగం ఇళ్ళల్లో మొగుడంటే ఏ రెండేళ్ళకో పెట్టెతో దిగేవాడే. భర్త ఇంట్లో లేని ఆడమనిషిని ఎప్పుడొస్తాడని అడగకూడదని మాకు చిన్నప్పటినుంచీ తెలుసు, అడిగితే మనసు కష్టపడుతుంది. అందుకని నేను రెండోసారి అడగలేదు. ఆ మర్యాదే మా కొంప ముంచింది.

ఆ ఊళ్ళో జూన్ దాటాక ఒక కాలం వస్తుంది. దాన్ని ఖరీఫ్ అంటారు. మాకు ఖరీఫ్ అంటే పంట, వాళ్ళకి తుంపర. ఒమాన్ అంతా ఎండకి మాడిపోతుంటే ఈ ఒక్క ఊరి మీద మబ్బు దిగి కూర్చుంటుంది. సూర్యుడు కనపడడు. వాన పడినట్టూ ఉండదు, పడనట్టూ ఉండదు, తాళ్ళ మీద బట్టలు మాత్రం వారమైనా ఆరవు. సముద్రం పొద్దస్తమానం మొత్తుకుంటుంది. పడవలన్నీ ఒడ్డు మీదికి లాగేస్తారు. ఆ ఇంట్లో మా మొదటి ఖరీఫ్‌లోనే అది జరిగింది.

ఒక మధ్యాహ్నం ఇంట్లో నేనొక్కదాన్నే ఉన్నాను. మా ఆయన డ్యూటీలో, మేస్త్రీలు సైట్లో. బియ్యంలో రాళ్ళు ఏరుకుంటున్నాను. సముద్రం వైపు వాకిలి దగ్గర కుండ మీది మూత తీసిన చప్పుడైంది. తర్వాత నీళ్ళు. ఒక కాలి మీద పోసుకుని, రెండో కాలితో రుద్దుకుని, మళ్ళీ రెండో కాలి మీద పోసుకున్న చప్పుడు. ఆ చప్పుడు ఏ ఇంట్లో పెరిగిన ఆడపిల్లకైనా తెలుస్తుంది, ఇంటి మనిషి ఇంటికి వచ్చిన చప్పుడు అది. మా ఆయనకి డ్యూటీ తొందరగా అయిపోయిందనుకుని లేచి టీ పెట్టాను. టీ మరిగింది. ఎవరూ లోపలికి రాలేదు.

వెళ్ళి చూస్తే ఎవరూ లేరు. గడప రాయి తడిసి ఉంది, కానీ ఆ కాలంలో తడవని రాయి ఎక్కడుంది. చెంబు మాత్రం కుండ మూత మీద బోర్లించి ఉంది. నేనెప్పుడూ చెంబును నీళ్ళలోనే వదిలేస్తాను. ఆ అలవాటుకి మా అత్తగారు నన్ను ఎన్నిసార్లు తిట్టిందో లెక్కలేదు.

మొదట నాకు భయం కాదు, కోపం వచ్చింది. ఎవడో జాలరి దొంగతనానికి వచ్చి ఉంటాడనుకున్నాను. ఆ తుంపరలోకి చూసి హిందీలో నాలుగు మాటలు అన్నాను. ఒకటి రెండు రోజులు పోయాక మళ్ళీ అదే చప్పుడు. తర్వాత మళ్ళీ. అన్నీ మధ్యాహ్నాలే. నేను తలుపు దగ్గరికి వెళ్ళేసరికి ఎవరూ ఉండేవారు కాదు. చెంబు బోర్లించి ఉండేది.

రానురాను నాకు ఒక సంగతి తట్టింది. వచ్చిన మనిషి కాళ్ళు కడుక్కుంటున్నాడు గాని గడప దాటడం లేదు. తలుపు బార్లా తీసే ఉంది. అయినా ఎవరైనా రమ్మంటారేమోనని ఆగినట్టు అక్కడే ఆగుతున్నాడు. ఆ ఆగడం నాకు వినిపించేదని చెప్తే మీరు నవ్వుతారు. నేను చేట పట్టుకుని, ఊపిరి కూడా మెల్లగా తీస్తూ, ఆ ఆగడాన్ని వింటూ కూర్చునేదాన్ని. ఒకరోజు ఏమనుకున్నానో ఏమో, మా ఊరి భాషలోనే, "తలుపు తీసే ఉన్నది, రా" అన్నాను.

నీళ్ళ చప్పుడు సగంలో ఆగిపోయింది. చెంబు పెట్టిన చప్పుడు కూడా రాలేదు. అప్పుడు పట్టుకుంది నాకు భయం. సందు వైపు వాకిట్లో నుంచి బయటపడి, చెప్పులు కూడా వేసుకోకుండా, మా ఆయన వచ్చేదాకా కొబ్బరి తోట పక్కన నిలబడ్డాను. లోపలికి ఎవరైనా వచ్చారా అంటే, తెలియదు. నేను చూడలేదు. ఆ రోజు ఇంట్లోకి మళ్ళీ అడుగుపెట్టినప్పుడు గదిలో తడి ఇసుక వాసన వేసింది. తలుపు తీసి ఉంటే ఆ వాసన ఎప్పుడూ వచ్చేదే, నేనే కొత్తగా పట్టించుకున్నానేమో.

మా ఆయనకి చెప్పాను. చెప్పకపోయినా బాగుండేది. ఆయన మొహం తెల్లబోయింది.

"నేను మొదలే అనుకున్న. అది దక్షిణం వాకిలి. యముని దిక్కు. ఎవలన్న ఇంటికి దక్షిణం వాకిలి పెట్టుకుంటరా?"

ఆ ఊరికి సముద్రం దక్షిణాన ఉంది. ఒడ్డున ఉన్న ఇళ్ళన్నీ అటే చూస్తాయి.

"గీ వరుసల ఇండ్లన్నిటికి వాకిలి గటే ఉన్నది గదా. అందరు సచ్చిన్రా?" అన్నాను.

"వాళ్ళకు తాకదు. మనకు తాకుతది."

అక్కడినుంచి ఆయనకి ప్రతిదీ దక్షిణం వాకిలే. ఫ్యాక్టరీలో చేతి మీద పట్టె పడి గోరు ఊడింది, దక్షిణం వాకిలి. రెండో గదిలో కిరాయికి ఉన్న వరంగల్ మనిషికి జ్వరం వచ్చి ఖాళీ చేసి పోయాడు, దక్షిణం వాకిలి. ఆ గది ఖాళీగా పడి ఉంటే ఆయనకి నిద్ర పట్టేది కాదు. ఉన్నదంతా ఊడ్చి పెట్టాం, ఈ ఇల్లు పోతే మళ్ళీ ఆ క్వార్టర్ల దుమ్ములోకే పోవాలి అనేవాడు. ఆ మాట నన్ను కూడా పట్టుకుంది. నాకు ఆ ఇల్లు పోగొట్టుకోవాలని లేదు.

అప్పుడే ఉమ్మా, కోడలు కొండల మీది చుట్టాల ఇంటికి వెళ్ళారు. ఆ కాలంలో కొండలన్నీ పచ్చబడితే ఊరివాళ్ళు చాలామంది పైకి వెళ్ళేవాళ్ళు. వాళ్ళు వెళ్ళిన శుక్రవారం మా ఆయన మేస్త్రీల సైట్ నుంచి సిమెంటు ఇటుకలు తెప్పించాడు. తలుపు రెక్కలు ఊడదీసి, ఆ ఖాళీలో మేస్త్రీలు గోడ కట్టేశారు.

"గడియ పెట్టద్దని మాటిచ్చినవు గదా" అన్నాను.

"గడియ పెట్టద్దన్నది. గోడ పెట్టద్దనలే."

నేను కిక్కురుమనకుండా మేస్త్రీలకి అన్నం వండి పెట్టాను. గోడ పైదాకా వచ్చి గదిలో వెలుగు పోయినప్పుడు నాకు బాధ వేయలేదు. గుండెల మీది బరువు దిగినట్టయింది. బయట ఉండిపోయిన కుండను లోపలికి తెచ్చి, ఆరబెట్టి, బియ్యం పోసుకున్నాను. ఆ తర్వాత నాకు ఏ చప్పుడూ వినపడలేదు. ఖాళీ గదిలోకి కిరాయికి మనిషి దొరికాడు. మా ఆయన రోజూ ఆ గోడకి ఊదుబత్తి గుచ్చేవాడు, చూడు ఎట్లా కలిసొచ్చిందో అన్నట్టు నావైపు చూసేవాడు.

ఉమ్మా తిరిగి వచ్చిన రోజు నేను కిటికీలోంచి చూశాను. కొండమీదినుంచి తెచ్చిన మూట ఇంట్లో పెట్టి, ఎప్పటిలాగే ఒడ్డుకి వచ్చింది. మా ఇంటి ముందుకి రాగానే ఆగింది. గోడని చూసింది. ఇప్పుడు అరుస్తుంది, మా సామాను వీధిలో పడేయిస్తుంది అనుకున్నాను. ఆమె అరవలేదు. దగ్గరికి వచ్చి ఇటుకల మీద అరచెయ్యి పెట్టింది. తలుపు తట్టినట్టు కూడా కాదు, జ్వరం చూసినట్టు పెట్టింది. తర్వాత కుండ ఉండే చోట తుంపరలో కూర్చుండిపోయింది. కోడలు వచ్చి లేపి తీసుకుపోయింది. కోడలు మా కిటికీ వైపు ఒకసారి చూసింది. అది కోపమో కాదో నాకు తెలియలేదు.

మర్నాడు వాళ్ళ వాకిట్లో చాపలు పరిచారు. మగవాళ్ళు గుంపులుగా వచ్చి కూర్చుని, కాఫీ తాగి, చేతులెత్తి దువా చేసి పోతున్నారు. ఆడవాళ్ళు లోపలికి వెళ్తున్నారు. ఎవరో పోయారని తెలుస్తోంది. కడప భాయ్ కూడా వచ్చి కూర్చుని, తిరిగి వెళ్తూ మా సందు వాకిలి దగ్గర ఆగాడు.

"ఎవరు పోయారు భాయ్?"

"ఆయమ్మ కొడుకు అక్కా."

"ఓడ మీదా? ఎప్పుడు?"

భాయ్ నా మొహం చూసి, నాకేమీ తెలియదని గ్రహించి, గడప మీద కూర్చుని చెప్పాడు. ఆయనకీ ఆ పొద్దే తెలిసిందట. కొడుకు ఓడలో పనికి పోలేదు. చాలా ఏళ్ళ కిందట, ఖరీఫ్ ఇంకా పూర్తిగా రాకముందు, ఆఖరిసారి వల వేసి వస్తానని ఒక్కడే పడవ తీసుకుని పోయాడు. పడవా రాలేదు, మనిషీ రాలేదు, ఒడ్డుకి ఏదీ కొట్టుకురాలేదు. వాళ్ళ తాతకి జావాలో ఏదో రేవుపట్నంలో ఇళ్ళుండేవట, వాటి కిరాయిల మీదే బతికి అక్కడే పోయాడట. కొడుకుని కూడా ఏ పెద్ద ఓడో ఎక్కించుకుంటే అక్కడికి చేరి ఉంటాడని తల్లి నమ్మింది. దేహం కనపడని మనిషికి చావు చేయనన్నది. ఎవరినీ చేయనివ్వలేదు. మేమున్నది ఆ కొడుకు ఇల్లు. వస్తే ఆ వాకిట్లో నుంచే వస్తాడు, కాళ్ళు కడుక్కోనిదే లోపలికి రాడు, వాడికి చిన్నప్పటినుంచీ అదే అలవాటు అనేదట.

"మీరు గోడ కట్టినారు. కట్టింది మీరు గాదంట, మీ చేత కట్టించినాడంట పైవాడు. ఇంక వాడు రాడని చెప్పడానికి ఇంతకంటే ఏం కావాలంటాంది. మీమీద ఆయమ్మకి రవ్వంత కోపం కూడా లేదు అక్కా."

తిట్టి ఉంటే బాగుండేది. ఆమెకి కోపం లేదని వినగానే చెంబు బోర్లించి ఉండటం గుర్తొచ్చింది. రా అని పిలిచింది నేనే. ఆ తర్వాత అన్నం వండి పెట్టి వాకిలి మూయించిందీ నేనే. భాయ్‌కి చెప్పబోయి ఊరుకున్నాను. మా ఆయనతో మాత్రం ఆ రాత్రి నోటికొచ్చిందల్లా అన్నాను.

అసలు సంగతి తర్వాత మొదలైంది. మనిషి బతికి ఉన్నాడన్నంత కాలం ఇల్లు అతనిదే, తల్లి దాన్ని చూసుకుంటోంది, మాకు కిరాయికి ఇచ్చింది. చనిపోయాడంటే ఇల్లు వారసులకి పోతుంది. తల్లికి కొంత, భార్యకి కొంత, పిల్లలు లేరు కాబట్టి మిగతాది తండ్రి వైపు వాళ్ళకి. ఆ తండ్రి వైపు వాళ్ళు మర్యాదస్తులే. తల్లి మాట కాదనలేక అన్నేళ్ళు ఆగారు. ఇప్పుడు టేపు పట్టుకుని వచ్చి ఇల్లు కొలిచారు. పాత ఇల్లు పడగొట్టి దుకాణాలు కట్టుకుంటారట. ఖాజీ తీర్పు రాగానే ఖాళీ చేయమని భాయ్ చేత చెప్పించారు. మాట ఉమ్మాతో అనుకున్నాం, వాళ్ళతో కాదు. మేం వేసిన కప్పు గురించి అడిగితే, కావాలంటే విప్పుకుని పట్టుకుపోండి అన్నారు.

మా ఆయన మనిషి మనిషిలా లేడు. ఒకరోజు డ్యూటీ నుంచి వచ్చి, గోడ ముందు నిలబడి, "ఈ గోడ కొట్టేస్తెనో?" అన్నాడు. కొట్టేస్తే ఆ కొడుకు మళ్ళీ బతుకుతాడా, ఆ తల్లి మళ్ళీ వాకిట్లో కూర్చుంటుందా, మన పదేళ్ళు మనకి వస్తాయా అని అడిగాను. కాని నేను ఎగతాళికి అన్న ఆ మాట నా లోపలే ఉండిపోయింది. ఎందుకంటే అది జరగని పని కాదు. ఆ ఇల్లు ఆ తల్లి నమ్మకం మీద నిలబడి ఉంది. నమ్మకం తిరిగి వస్తే ఇల్లు కూడా వస్తుంది.

ఖాజీ దగ్గర తల్లి మాట చెప్పాలి. ఇన్నేళ్ళలో కొడుకు గురించి ఏ కబురూ, ఏ ఆనవాలూ తెలియలేదని ఆమె నోటితో అనాలి. అంటే తీర్పు వస్తుంది. కోడలు నాలుగు నెలల పది రోజులు ఇల్లు కదలకుండా గడువు కూర్చుంటుంది, ఆ తర్వాత ఆమె బతుకు ఆమెది. అంతవరకూ ఆమె భర్త ఉన్న మనిషీ కాదు, లేని మనిషీ కాదు. ఇది కూడా భాయే చెప్పాడు. ఆమె అన్నాళ్ళు నా దగ్గర కూర్చుని పచ్చిపులుసు తాగి నవ్విందే గాని ఒక్కనాడూ ఒక్క ముక్క అనలేదు.

ఖాజీ దగ్గరికి వెళ్ళే ముందురోజు పొద్దువాలేవేళ ఉమ్మా మా సందు వాకిట్లోకి వచ్చింది. వెనక కోడలు. గోడ కట్టాక వాళ్ళు మా ఇంట్లోకి రావడం అదే మొదలు. చాప వేశాను. ఉమ్మా ఇల్లంతా ఒకసారి చూసింది. మూలన బియ్యం పోసి ఉన్న కుండని చూసింది. నాకు తల ఎత్తబుద్ధి కాలేదు. కాసేపటికి ఆమె కోడలితో ఏదో అంది. కోడలు నా వైపు తిరిగి హిందీలో చెప్పింది.

"అత్త నిన్ను ఒక్క మాట అడగమంటోంది. రేపు దేవుడి పేరున చెప్పాలి కాబట్టి అడుగుతోంది. ఆ వాకిలి తీసి ఉన్నన్నాళ్ళూ ఈ ఇంట్లో ఉన్నది నువ్వు. ఎవరైనా వచ్చారా?"

నాకు మొదట తోచింది నా ఇల్లు. దాచను. ఎవరో వచ్చేవారని అంటే చాలు, ఈ ముసలావిడ రేపు ఖాజీ ముందు నోరు తెరవదు. మేస్త్రీలు ఈ గోడను గంటలో కొట్టేస్తారు. పైగా అది అబద్ధం కూడా కాదు. నిజం చెప్తే ఇల్లు మిగిలే రోజు మనిషికి ఎన్నిసార్లు వస్తుంది. నేను చెప్పాను. మధ్యాహ్నాలు ఎవరో వచ్చేవారని, కాళ్ళు కడుక్కునేవారని, చెంబు బోర్లించేవారని, లోపలికి రాకుండా ఆగేవారని, నేను ఒకసారి పిలిచానని, అన్నీ హిందీలో, కోడలి మొహంలోకి చూస్తూ చెప్పాను.

చెంబు బోర్లించేవాడన్నప్పుడు ఆమె కళ్ళు ఒక్కసారి మూసి తెరిచింది. నేను ముగించాక అత్తవైపు తిరిగి, ఒకే మాట అంది.

"లా."

లేదు అని. అంతమాత్రం అరబ్బీ నాకూ వచ్చు.

ఉమ్మా ఏమంత తెలివితక్కువది కాదు. నేను అంతసేపు మాట్లాడితే ఒక్క మాటలో ఎట్లా వస్తుంది. ఆమె కోడల్ని చూడలేదు, నన్ను చూసింది. నెమ్మదిగా, పిల్లని అడిగినట్టు అడిగింది, "లా?"

కోడలు నన్ను బతిమాలలేదు. కనీసం నావైపు చూడలేదు. ఒళ్ళో పెట్టుకున్న తన చేతుల్నే చూసుకుంటోంది. ఆ చేతులతోనే నాకు రొట్టె సాగదీయడం నేర్పింది. ఆమె వయసు నా వయసే. నేను ఆ గదిలో కప్పు వైపు ఒకసారి చూశాను, నా గాజుల వైపు.

"లా, ఉమ్మా" అన్నాను.

ముసలావిడ చాలాసేపు నా మొహం వదల్లేదు. తర్వాత నా తల దగ్గరికి లాక్కుని నుదుటి మీద ముద్దు పెట్టుకుంది. ఆమె పెదవులు చల్లగా ఉన్నాయి. లేచి, గౌను కొస జీరాడుతుండగా, సందులోకి వెళ్ళిపోయింది.

తీర్పు వచ్చింది. నెల తిరక్కుండా మేం ఖాళీ చేశాం. కప్పు విప్పుకుపోవడానికి మా ఆయన మేస్త్రీలని పిలుస్తానంటే నేను వద్దన్నాను. కారణం అడిగాడు, చెప్పలేదు. ఇప్పటికీ ఆయనకి ఈ సంగతి తెలియదు. ఆయన దృష్టిలో ఆ ఇల్లు దక్షిణం వాకిలి వల్లే పోయింది. ఒక రకంగా ఆయన అన్నదీ నిజమే.

సామాను పికప్‌లో ఎక్కిస్తుంటే కోడలు వచ్చింది. గడువులో ఉంది, బయటికి రాకూడదు. నల్లబట్టల్లో, మొహం కప్పుకుని, రెండిళ్ళ మధ్య గోడ పక్కనే నిలబడి నన్ను పిలిచింది. తనకి మేలు చేశానని అంటుందనుకున్నాను. ఆమె ఆ మాట అనలేదు.

"ఆ రోజు నువ్వు చెప్పింది నిజమేనా? నిజంగా వచ్చేవాడా? లేక ఇల్లు పోతుందని అట్లా అన్నావా?"

ముసుగులోంచి కళ్ళు మాత్రమే కనపడుతున్నాయి. ఆమె ఏ జవాబు కోసం వచ్చిందో నాకు తెలియలేదు. వచ్చేవాడంటే, తను లా అన్న ఒక్క మాటతో భర్తని తన చేతులతో చంపుకున్నట్టు జీవితమంతా మోస్తుంది. ఆ చప్పుడు నా చెవుల్లో ఉంది, ఒకరి చెవుల్లో ఉంటే చాలు అనిపించింది.

"ఇంటి కోసమే అన్నాను" అన్నాను.

ఆమె నన్ను కాసేపు చూసింది. అంతకుముందు ఎప్పుడూ నన్ను అట్లా చూడలేదు. చెయ్యి పట్టుకోవడానికి నేను ముందుకి వస్తే వెనక్కి జరిగింది. ఆ తర్వాత ఆమె పెళ్ళి చేసుకుందని, పిల్లలు పుట్టారని భాయ్ చెప్తే విన్నాను. నా గురించి ఎప్పుడైనా అడిగిందా అంటే, లేదక్కా, నీ పేరు ఎత్తితే మాట మారుస్తుంది అన్నాడు.